ఆరో దిమ్మ మీద ఏడుపు దీక్ష

1వ రోజు

ఈ పుస్తకం నా సరదాకి రాయడం లేదు. షమీమ్ రాయమంది, రాస్తున్నాను. షమీమ్ అంటే అద్దె మండలి తరఫున ప్రతి మంగళవారం లాంచీలో వచ్చి, కిరాయిదారులకు సలహాలు చెప్పే అమ్మాయి. నలభై ఒక్క రోజులు ఇంట్లో ఉన్న లోపాలన్నీ రాయాలట. పేజీ చింపకూడదు, రాసింది కొట్టివేయకూడదు. చివర్లో సంతకం పెట్టి మండలికి ఇవ్వాలి.

నా పేరు నూకరత్నం, వయసు నలభై ఆరు. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ఫిల్టర్లు కడగడం నా పని. మా ఆయన సూరిబాబు సముద్రంలోకి దిగి దిమ్మ కాళ్ళకు పట్టిన గుల్ల గీకుతాడు. దిమ్మ అంటే వెనకటి రోజుల్లో నడిసముద్రంలో గ్యాస్ తోడటానికి కట్టిన ఇనుప కట్టడం. గ్యాస్ అయిపోయింది, గట్టు మీద మా ఊళ్ళు మునిగిపోయాయి, సాగరహర్మ్య సంస్థ వాళ్ళు దిమ్మల మీద ఇనుప గదులు పేర్చి అద్దెకిచ్చారు. మేం ఆరో దిమ్మ, మూడో అంతస్తులో పదకొండేళ్ళుగా ఉంటున్నాం.

ఇన్నాళ్ళూ నెలలో పదకొండు రోజుల కూలి అద్దెకు పోయేది. ఇప్పుడు పంతొమ్మిది రోజుల కూలి కట్టమని నోటీసు వచ్చింది. కారణం ఒక్క ముక్కలో ఉంది: "సుఖసూచిక పెరిగినది." ప్రతి ఇంట్లోనూ గోడ పైభాగాన అరచేతంత పరికరం ఒకటి ఉంటుంది. ఇంట్లో వాళ్ళు ఎంత నవ్వారు, ఎంతసేపు నిద్రపోయారు, ఎందరు చుట్టాలు వచ్చారు, కూర వాసన ఎలా ఉంది, అన్నీ లెక్కపెట్టి ఇల్లు ఎంత సుఖంగా ఉందో సంస్థకు చెబుతుంది. సూచిక పెరిగినప్పుడల్లా టిక్కుమంటుంది. మేం దాన్ని బల్లి అంటాం.

పంతొమ్మిది రోజులు అద్దెకు పోతే మిగిలిన పదకొండు రోజులతో తినలేం. కట్టలేని వాళ్ళను గట్టు మీది గుడారాల శిబిరానికి పంపుతారు. అక్కడ నాకు ఫిల్టర్లూ లేవు, ఆయనకు గుల్లా లేదు. నాకు ఒళ్ళు మండిపోయి నోటీసు చింపబోయాను. షమీమ్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"చింపకక్కా, అదే మనకు సాక్ష్యం. నోటీసు అందిన ముప్పై రోజుల్లోపు అభ్యంతరం పెట్టొచ్చు. విచారణ తేలేదాకా పాత అద్దే కట్టు, రసీదు తీసుకో. కట్టడం మాత్రం ఆపకు. ఈలోగా నిన్ను ఖాళీ చేయించే హక్కు వాళ్ళకు లేదు."

ఈ రోజు లోపాలు: తలుపు సరిగా పడదు. భుజంతో తొయ్యాలి. కుళాయిలో తుప్పు నీళ్ళు.

3వ రోజు

లోపం: కుళాయి నీళ్ళు పొద్దున్న బెల్లం పానకం రంగులో వచ్చాయి. సాగరహర్మ్య సంస్థకు ఏడుసార్లు చెప్పాను. ఏడుసార్లూ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు.

లోపం: పడమటి గోడ. మధ్యాహ్నం చెయ్యి ఆనిస్తే బొబ్బలెక్కుతుంది. అయితే ఇప్పుడు అంత తెలియడం లేదు. పై అంతస్తు గంగరాజు పాత తెరచాప గుడ్డ తెచ్చి గోడకు బారెడు దూరంలో కట్టాడు. ఆ సందులోంచి గాలి పైకి లాగుతుంది. సాయంత్రం ఆ నీడన కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఇవాళ నలుగురం అక్కడే రొయ్యలు వలిచాం. గంగరాజు తన పెళ్ళిచూపులకు వెళ్ళబోయి పక్కింటికి వెళ్ళి, అక్కడ ఉప్మా తిని, అమ్మాయి నచ్చిందని కూడా చెప్పి వచ్చిన సంగతి చెప్పాడు. ఆ ఇంట్లో అసలు అమ్మాయే లేదట. నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పి పుట్టాయి. బల్లి మూడుసార్లు టిక్కుమంది.

ఇది లోపం కాదని నాకూ తెలుసు. కొట్టివేయకూడదన్నారు కాబట్టి ఉంచేస్తున్నాను.

5వ రోజు

పక్కింటి మరిడమ్మ పిన్నికి డెబ్బై రెండేళ్ళు. ఈ అంతస్తులో ఉన్న ఇరవై మూడు ఇళ్ళకూ ఆవిడే పెద్ద దిక్కు. ఇవాళ అందర్నీ మా ఇంట్లో కూర్చోబెట్టింది. షమీమ్ చేత అభ్యంతరం పెట్టించి నేను వేసిన దావా ఓడిపోతే మిగతా ఇరవై రెండు ఇళ్ళకూ ఇలాంటి నోటీసులే వస్తాయని అందరికీ భయంగా ఉంది.

"ఒసే రత్నం, బల్లి మన నవ్వులు లెక్కెడతంది కదా. నవ్వడం మానేస్తే సరిపోద్ది," అంది పిన్ని. "నలభై ఒక్క రోజులంటే మండలమే కదే. దీచ్చ పట్టేద్దాం."

"ఏం దీక్ష పిన్నీ?"

"ఏడుపు దీచ్చ."

మా వాళ్ళకు దీక్ష అన్న మాట చెవినబడితే చాలు, ఇంక ఆలోచన ఉండదు. గంటలో నియమాలన్నీ తయారయ్యాయి. నవ్వకూడదు, పాడకూడదు, చప్పిడి కూడే తినాలి, మెడలో బూడిద రంగు తువ్వాలు వేసుకోవాలి, ఏ దీక్షలోనైనా పిలుచుకున్నట్టే ఒకరినొకరు స్వామీ అనే పిలుచుకోవాలి. రోజూ సాయంత్రం దావా ఉన్న ఇంట్లో, అంటే మా ఇంట్లో, అందరూ చేరి గంటసేపు ఏడవాలి. పిన్ని గురుస్వామి.

నాకూ ఉపాయం గట్టిదే అనిపించింది. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను.

లోపం: తలుపు మామూలే.

9వ రోజు

లోపం: వసారా కమ్మీ ఒకటి ఊడిపోయింది. సంస్థకు చెప్పాను. సూరిబాబు పాత గొట్టం ముక్క తెచ్చి వెల్డింగ్ చేశాడు. ఆ చేత్తోనే మిగిలిన గొట్టాలతో ఉయ్యాల బల్ల చట్రం కూడా సరిచేశాడు. ఇప్పుడు కిర్రుమనడం లేదు.

దీక్ష సంగతి. పిన్ని మాకు ఏడవడం నేర్పుతోంది. వాళ్ళ ఊళ్ళో ఎవరు పోయినా ముందు ఆవిడ్నే పిలిచేవారట. "ఊరికే నీళ్ళు కారిత్తే ఏడుపైపోద్దేటి? పోయినోళ్ళ గుణాలు ఒక్కోటీ ఎత్తుకుంటా ఏడవాలి," అంది. ఎవరూ పోలేదు కదా, ఎవరి గుణాలు ఎత్తుకోవాలి? పోయిన వారం గంగరాజు చేతిలోంచి జారి సముద్రంలో పడిన ప్రెషర్ కుక్కర్ని ఎత్తుకుంది.

"ఓ నా తల్లి కుక్కరో! మూడు కూతలకే ముద్దపప్పెట్టేదానివి కదే! నీ వెయిటు గూట్లో దిక్కులేకుండా పడుందే! ఆ సేపలకేం పప్పొండి పెడతన్నావే నా తల్లీ!"

అందరం తువ్వాళ్ళు నోట్లో కుక్కుకున్నాం. గంగరాజుకు మాత్రం నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. "రబ్బరు కొత్తది స్వామీ, మొన్నే ఏశాను," అన్నాడు వెక్కుతూ. అంతే, సూరిబాబు ముక్కులోంచి గుర్రుమని శబ్దం వచ్చింది. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఆపలేకపోయారు. ఇరవై మందిమి గోడలకు ఆనుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. బల్లి ఆగకుండా టిక్కుటిక్కుమంటుంటే పిన్ని చిటికెలు వేస్తూ "కృష్ణ కృష్ణ" అనుకుంది.

రేపటి నుంచి గట్టిగా ఉండాలని తీర్మానించాం.

14వ రోజు

సంస్థ మనిషి త్రినాథరావు వచ్చాడు. ఆయనది నోటీసులు పంచే ఉద్యోగం. కింది అంతస్తులో ఒంటిగదిలో ఉంటాడు. చెడ్డవాడు కాదు గాని, ఆయన గుమ్మంలో కనబడితే ఎవరికీ ముద్ద దిగదు.

"నూకరత్నం గారూ, మీ సూచిక ఇంకా పెరిగిందండి. ఈ పది రోజుల్లో రోజుకి ఇరవై మంది అతిథులని రికార్డయిందండి. సంస్థ వాళ్ళు పంతొమ్మిది కాదు, ఇరవై రెండు రోజులు అడుగుతామంటన్నారండి."

"వాళ్ళు అతిథులు కారండీ! ఏడవడానికి వచ్చారు!"

"ఆ తేడా బల్లికి తెలవదండి."

ఆయన వెళ్ళాక పిన్ని మొహం చూడలేకపోయాను. "నా మూలానే కదే," అని తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను కోప్పడదామనుకున్నాను. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

దీక్ష విరమించాం. ఒక్క నియమం కూడా సరిగా సాగకుండా ముగిసిన దీక్ష ఇదేనేమో. చప్పిడి కూడు మాత్రం నిజంగానే తిన్నాం. నా వంట అంత చప్పగా ఉండగలదని నాకే తెలియదు.

లోపం: కుళాయి. ఎనిమిదోసారి చెప్పాను. పరిశీలనలో ఉన్నది.

15వ రోజు

షమీమ్ ఈ పుస్తకం చదివింది. తొమ్మిదో రోజు దగ్గరకు వచ్చేసరికి పెదవి కొరుక్కుంది. తర్వాత ఉతికి ఆరేసింది.

"ఏడుపు దీక్షేంటక్కా? బాధ నటించారని తేలితే దావా మొదటి రోజే కొట్టేస్తారు. మానేశారు కాబట్టి సరిపోయింది. మళ్ళీ ఇలాంటి వేషాలు వెయ్యకండి."

అప్పుడు అసలు దారి చెప్పింది. అద్దె చట్టంలో ఒక నియమం ఉందట. ఇంటి యజమాని ఇచ్చిన సుఖానికే అద్దె తీసుకోవాలి. కిరాయిదారు సొంతంగా చేర్చుకున్నది అద్దెలో కలపకూడదు.

"ఉయ్యాల బల్ల, తెరచాప పందిరి, నేల మీద ఆ రంగుల ముగ్గు, డ్రమ్ముల్లో కరివేపాకు, ఇవన్నీ మీవే కదా? అవన్నీ తామే పెట్టించామని సంస్థ వాళ్ళు అంటున్నారు. మీవని చూపించడానికి రసీదులున్నాయా?"

"రసీదా! ఉయ్యాల మా ఆయన చేశాడు. మొగుడి దగ్గర రసీదు తీసుకుంటానా?"

"పందిరికి?"

"గంగరాజు ఊరికే కట్టాడు. నేను వాళ్ళ ఫిల్టరు కడిగిపెట్టాను."

షమీమ్ నుదురు పట్టుకుంది. పదకొండేళ్ళలో ఈ ఇంట్లోకి వచ్చిన ఏ వస్తువుకూ కాగితం లేదు. మా దగ్గర అంతే. ఒకరికి కావాలంటే ఇంకొకరు చేసిపెడతారు. దానికి కాగితం అడిగితే తిట్టినట్టే అనుకుంటారు.

27వ రోజు

లోపం: ఉక్క. లోపం: తలుపు. లోపం: కుళాయి.

ఈ రోజు నిజంగా భయం వేసింది. కడిగిన ఫిల్టరే మళ్ళీ కడిగాను. ఓడిపోతే ఈ గదిలో ఇంకెవరో ఉంటారు. ఇరవై రెండు రోజుల కూలి కట్టగలిగినవాళ్ళు వచ్చి నా ముగ్గు మీద నడుస్తారు. పిన్ని అటునుంచి గోడ తడితే ఇటు ఎవరు పలుకుతారో తెలియదు. ఇదంతా సూరిబాబుతో అంటే, "గట్టు మీద కూడా మనుషులే కదా ఉండేది, బతుకుతాంలే," అన్నాడు. తర్వాత పని లేకపోయినా సముద్రంలో దిగి వచ్చాడు. కళ్ళు ఎర్రబడ్డాయేమంటే ఉప్పునీళ్ళన్నాడు.

దీక్ష రోజుల్లో పట్టుబట్టి ఏడుద్దామంటే రాని ఏడుపు ఇవాళ ఎవరూ అడగకుండానే వచ్చింది. పిన్ని గోడ అవతల విని, ఏమీ అడగకుండా చారు గిన్నెతో వచ్చి కూర్చుంది. మిరియాలు దంచి పోసిన చారు. రెండు గ్లాసులు తాగాను. ప్రాణం కుదుటపడింది.

41వ రోజు

ఇంతటితో పుస్తకం ముగిసింది. మొదటి నుంచి చదువుకున్నాను. సిగ్గేసింది. లోపాలు రాయమంటే నేను రాసిందేమిటి? ఫలానా రోజు రొయ్యల వేపుడు బాగా కుదిరిందని, ఫలానా రోజు నలుగురం గాలికి కూర్చున్నామని, ఇరవై మందిమి నవ్వామని. సంస్థ లాయరుకు ఇంతకంటే ఏం కావాలి? కొన్ని పేజీలు చింపేద్దామని పుస్తకం దాకా చెయ్యి వెళ్ళింది. చింపలేదు. అబద్ధంతో గెలిచిన ఇంట్లో నాకు నిద్ర పట్టదు.

సంతకం పెట్టాను. ఎ. నూకరత్నం.

కొత్త పుస్తకం, విచారణ రోజు

పాత పుస్తకం మండలి దగ్గర ఉంది. అలవాటు పోక ఇది కొన్నాను.

విచారణాధికారి భ్రమరాంబ గారు పొద్దున లాంచీలో వచ్చారు. వివాదంలో ఉన్న ఇంట్లోనే విచారణ జరపాలని నియమమట. సన్నగా, గంభీరంగా ఉన్నారు. సంస్థ తరఫు లాయరు ఒకాయన చల్లటి కోటు వేసుకుని వచ్చాడు. కోటులో చిన్న ఫ్యాను తిరుగుతోంది. అంతస్తంతా వసారాలో నిలబడింది.

లాయరు నా పుస్తకం తెరిచి పెద్దగా చదివాడు. "'సాయంత్రం ఆ నీడన కూర్చుంటే లేవబుద్ధి కాదు.' 'నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పి పుట్టాయి.' 'రెండు గ్లాసులు తాగాను. ప్రాణం కుదుటపడింది.' అమ్మా, ఇంత సుఖపడే ఇంటికి ఇరవై రెండు రోజులు ఎక్కువా? ఈవిడే తన చేత్తో రాసి ఇచ్చారు."

నా చెవులు వేడెక్కిపోయాయి. ముందు సిగ్గుతో, తర్వాత కోపంతో. లేచి నిలబడ్డాను. మధ్యలో మాట్లాడకూడదని షమీమ్ చీర లాగుతూనే ఉంది.

"సుఖపడ్డానండీ! ఎవరి మూలాన సుఖపడ్డానో కూడా రాశాను కదండీ. అది ఎందుకు చదవరు? నీడ గంగరాజు కట్టాడు. చారు మా పిన్ని పెట్టింది. మీ సంస్థ పేరు ఎక్కడెక్కడ రాశానో అదీ చదవండి!"

భ్రమరాంబ గారు చెయ్యి చాచి పుస్తకం తీసుకున్నారు. పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. చాలాసేపు పట్టింది. సంస్థ పేరు ఎక్కడుంటే అక్కడ తుప్పు నీళ్ళు, ఊడిన కమ్మీ, పరిశీలనలో ఉన్నది.

"ఇది రోజువారీగా రాసిన పుస్తకం. మానేసిన ఏడుపు దీక్షను కూడా దాచలేదు. దావా గెలవడానికి రాసింది కాదని చదివితేనే తెలుస్తోంది," అన్నారు. లాయరు వైపు తిరిగారు. "ఇవి మీరు పెట్టించినవని ఆధారం ఉందా?"

ఆయన దగ్గరా రసీదు లేదు.

"అయితే సంస్థ ఇచ్చిన ఇల్లు చూద్దాం. కిరాయిదారు చేర్చుకున్నవన్నీ బయట పెట్టండి."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు అంతస్తంతా లోపలికి దూసుకొచ్చింది. ఉయ్యాల బల్ల ఆరుగురు ఎత్తారు. గంగరాజు పందిరి విప్పాడు. కరివేపాకు డ్రమ్ములు, గాలి లోపలికి లాగే గొట్టం, సూరిబాబు మంచం, మా అరుగు బల్ల, దీపాలు, తలుపుకు నేను కొట్టిన రబ్బరు పట్టీ, అన్నీ చేతులు మారుతూ వసారాలోకి వెళ్ళాయి. ముగ్గు వేసిన రేకులు కూడా మరలు విప్పి తీశారు. పిన్ని ఒక్కో వస్తువుకూ ఎవరు చేశారో పేరు చెబుతుంటే షమీమ్ రాసుకుంది. అరగంటలో ఇల్లు నాలుగు ఇనుప గోడలు, ఒక కుళాయి, ఒక బల్లిగా మిగిలింది.

భ్రమరాంబ గారు ఒక్కరే లోపలికి వెళ్ళి తలుపు మూయమన్నారు. తలుపు పడలేదు. సూరిబాబు భుజంతో తోసి పట్టుకున్నాడు. అది కూడా ఆవిడ లోపల్నుంచి రాసుకున్నారట.

అరగంట తర్వాత చెమటతో తడిసి బయటకు వచ్చారు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. నేను మంచినీళ్ళిచ్చాను.

"లోపల ఏం కనబడిందమ్మా?" అంది పిన్ని ఉండబట్టలేక.

"నేనూ, బల్లీ," అన్నారు ఆవిడ. మొదటిసారి నవ్వారు. "అరగంట కూర్చున్నా అది ఒక్కసారి కూడా టిక్కుమనలేదు."

అక్కడే, మా ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉత్తర్వు రాశారు. పెంపు చెల్లదు. కుళాయి, తలుపు బాగుచేసేదాకా అద్దె నెలకు ఏడు రోజుల కూలి. పాత అద్దెలోనూ మా వస్తువుల సుఖం కొంత కలిసిపోయిందట, కాబట్టి బాగుచేశాక తొమ్మిది. పదకొండు కాదు, తొమ్మిది! దావా వేసినందుకు మమ్మల్ని వేధించినా, ఖాళీ చేయమన్నా సంస్థకు జరిమానా.

ఉత్తర్వు చదవడం పూర్తయిందో లేదో, సూరిబాబు నన్ను నడుం పట్టుకుని అందరి ముందూ గాల్లోకి ఎత్తాడు. నలభై ఆరేళ్ళదాన్ని! ఛీ దించు అన్నాను. నిజానికి దించకపోయినా బాగుండుననిపించింది.

తర్వాత సామానంతా మళ్ళీ లోపలికి చేర్చారు. హడావిడిలో మావి కానివి కూడా వచ్చేశాయి. ఎవరివో రెండు కుర్చీలు, ఒక మద్దెల. అడిగితే ఎవరూ మావి అనలేదు. ఇంట్లో ఉంచేశాం.

తర్వాతి మంగళవారం

నిన్న కింది అంతస్తుకు కూడా నోటీసులు వచ్చాయి. పొద్దున్నే గుమ్మంలో త్రినాథరావు నిలబడ్డాడు. చేతిలో నోటీసు చూసి, మళ్ళీ మాకే అనుకున్నాను.

"ఇది మీకు కాదండి," అన్నాడు తల దించుకుని. "నాకండి. నా గదికి నేనే పట్టుకొచ్చుకున్నానండి. ముప్పై రోజులు టైముందంటకదండి. ఆ పుస్తకం ఎలా రాయాలో చెబుతారేమోనని."

లోపలికి రమ్మన్నాను. పాత అద్దె మానకుండా కట్టమన్నాను, రసీదు జాగ్రత్త అన్నాను. లోపాలన్నీ రాయమన్నాను. సంతోషం కలిగితే అదీ దాచవద్దన్నాను, ఎవరి వల్ల కలిగిందో పేరుతో సహా రాయమన్నాను.

ఆయన కొత్త పుస్తకం తెరిచి మొదటి రోజు రాశాడు. ఎలా ఉందో చూడమని నా చేతికిచ్చాడు.

"లోపం: నా గదికి కిటికీ లేదు. ఈ దిమ్మ మీదకు వచ్చి ఆరేళ్ళయింది. ఈ రోజు మొదటిసారి ఒకరి ఇంట్లో కూర్చున్నాను. నూకరత్నం గారు కూర్చోమన్నారు."

ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదని చెప్పి, ఇంకో కుర్చీలో కూర్చున్నాను.